కళ్లం కాపలాలో ఒక చుక్క

సంచికకు ఏదైనా రాసివ్వమని సంపాదకవర్గం మిత్రుడొకడు మూడు వారాలుగా నా గది చుట్టూ తిరుగుతున్నాడు. కవిత్వం రాదన్నాను. కథ అసలే రాదన్నాను. యూనియన్ ఎన్నికల మీద రాస్తే హాస్టల్లో ఎవరో ఒకరు నాతో మాట్లాడ్డం మానేస్తారన్నాను. "అయితే మీ అరకు గురించి రాయి, అందంగా ఉంటుంది" అన్నాడు. అక్కడే నాకు కాస్త ఒళ్ళు మండింది. అరకు అంటే అందరికీ అద్దాల రైలు, బొర్రా గుహలు, వలిసె పూల పసుపు, వెదురు బొంగులో కోడికూర. ఆదివారం వచ్చి సోమవారం దిగిపోయే అందం అది. సరే, అరకు గురించే రాస్తున్నాను గానీ పగటి అరకు కాదు. రాత్రి పదకొండు గంటల వేళ మా కళ్లంలో గొంగడి కప్పుకుని కూర్చుంటే నెత్తిమీద కనిపించే అరకు. అందులోనూ ఒకే ఒక చుక్క.

మాది అనంతగిరి మండలంలో ఒక చిన్న ఊరు. కిరండూల్ రైలు పోయే చప్పుడు గాలివాటం బాగుంటే వినిపిస్తుంది. మాకు గట్టు కింద మళ్ళలో కాస్త వరి, మెట్టలో చోడి, సామ, వలిసె. పైన సిల్వర్ ఓక్ చెట్ల నీడలో రెండెకరాల కాఫీ, ఆ చెట్లకే అల్లించిన మిరియాల తీగెలు. డబ్బు రూపంలో ఇంటికి వచ్చేది ఆ కాఫీ, ఆ మిరియాలే. మిగతాది తిండికి.

కాఫీ సంగతి తెలియని మైదానపు మిత్రుల కోసం రెండు ముక్కలు. నవంబరు నుంచి జనవరి దాకా పళ్ళు ఎర్రబడ్డవి ఎర్రబడ్డట్టు కోస్తాం. చేతి మిషనులో వేసి తిప్పితే గుజ్జు ఒకవైపు, గింజ ఒకవైపు పడతాయి. ఒక రాత్రి నానబెట్టి, జిగురు పోయేలా కడిగి, టార్పాలిన్ల మీద ఎండేస్తాం. పల్చటి పొట్టుతో ఉన్న ఆ గింజనే పార్చిమెంటు అంటారు. మా చలి ఎండకు అది ఆరడానికి పది రోజులైనా పడుతుంది. సగం ఆరిన గింజ మళ్ళీ తడిసిందా, బూజు పడుతుంది, వాసన పడుతుంది, కొనేవాడు అరచేతిలో వేసుకుని మొహం పక్కకు తిప్పుతాడు. అందుకే రాత్రిళ్ళు కళ్లంలో ఎవరో ఒకరు పడుకోవాలి. డిగ్రీ చదివే కొడుకు సెలవులకు ఇంటికొచ్చాడంటే ఆ ఎవరో ఒకరు ఎవరో చెప్పక్కర్లేదు గదా!

నిద్రపట్టని కాపలాదారుకు ఆకాశమే తోడు. మా నాయనమ్మ చిన్నప్పుడే నాకు పిల్లలకోడిని చూపించింది. కృత్తికలని పుస్తకాల్లో రాస్తారే, అవి. గొర్రుకొయ్యలూ ఆమే చూపించింది. గ్రహణం అంటే మాత్రం ఆమెకు పాము మింగడమే. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం పట్టినప్పుడు ఆమె కొత్తకోడలు. "పొద్దు కుంకకముందే ఎలుగు సన్నగిల్లిపోనాది, కోళ్ళు గూట్లో దూరిపోనాయి, మేవూ తలుపులేసుకున్నాం" అని ఇప్పటికీ చెబుతుంది. అదే మధ్యాహ్నం హైదరాబాదు దగ్గర జపాల్-రంగాపూర్ అబ్జర్వేటరీలో ఉస్మానియా వాళ్ళు, దేశవిదేశాల శాస్త్రజ్ఞులు ఆ గ్రహణాన్ని కొలుస్తూ కూర్చున్నారు. అదే నీడ, ఒకచోట తలుపులు మూశారు, ఒకచోట గుమ్మటం తెరిచారు. నాయనమ్మను నేను ఎగతాళి చెయ్యను. తలుపు మూసుకున్నా ఆమె గమనించాల్సింది గమనించింది, కోళ్ళతో సహా.

గ్రహణాలు మన సూర్యచంద్రుల సొంత ఆస్తి కాదని నాకు రెండో సంవత్సరం ఫిజిక్సులో గానీ తెలియలేదు. ఆకాశంలో జంటచుక్కలు కొల్లలు. ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతుంటాయి. ఆ తిరుగుడు తలం మన చూపు వరసలోనే పడితే, ఒకటి రెండోదాన్ని మూస్తుంది. మనకు ఒకే చుక్కలా కనిపించేది ఠంచనుగా మసకబారి, మళ్ళీ వెలుగుతుంది. వీటిలో అందరికంటే పేరున్నది అల్గాల్. 1782లో ఇంగ్లండులోని యార్క్ పట్నంలో జాన్ గుడ్రిక్ అనే కుర్రవాడు దీని వెలుగు తగ్గడంలో లెక్క ఉందని కనిపెట్టాడు. అప్పటికతని వయసు 18. చిన్నప్పుడే జబ్బు చేసి చెవిటివాడయ్యాడంటారు. ఏదో నల్లటి వస్తువు అడ్డం వస్తుండవచ్చునని 1783లోనే రాశాడు. నూరేళ్ళు పోయాక, 1889లో, జర్మనీలో ఫోగెల్ వర్ణపటంతో అది నిజమేనని తేల్చాడు. గుడ్రిక్ మాత్రం 21 ఏళ్ళకే పోయాడు. నాకిప్పుడు ఇరవై. ఈ లెక్క చదివిన రాత్రి నాకు కొంచెం దిగులేసిందంటే నమ్మండి.

మా లెక్చరరు గారు అల్గాల్ దగ్గర ఆగలేదు. "అది పెద్దమనుషుల కాపురం. అసలు గొడవ చిన్న జంటల్లో ఉంది" అంటూ బోర్డు మీద కాటక్లిస్మిక్ వేరియబుల్స్ అని రాశారు. తెలుగులో ఏమనాలో ఆయనా తేల్చలేదు, నేనూ తేల్చలేను. ఉత్పాతపు చుక్కలు అందాం. క్లాసులో సగంమంది ఆ స్పెల్లింగు చూసే పెన్నులు మూసేశారు. నాకు మాత్రం ఆ బొమ్మ మా పొలంలా కనిపించింది.

ఎలాగంటారా? సూర్యుడిలాంటి చుక్క ముసలిదైపోతే పైనున్న గుజ్జంతా విడిచిపెట్టి గింజ మిగులుస్తుంది. ఆ గింజే శ్వేత కుబ్జం. సైజు చూస్తే మన భూమంత, బరువు చూస్తే సూర్యుడితో పోల్చదగినంత. దాని పక్కనే ఇంకా గుజ్జున్న మామూలు చుక్క ఒకటి, ఎంత దగ్గరంటే కొన్ని గంటల్లో ఒకదాని చుట్టూ ఒకటి తిరిగేసేటంత దగ్గర. కొండ మీద మళ్ళు మెట్లుమెట్లుగా ఉంటాయి గదా, పైమడి నిండితే గట్టుకున్న గండిలోంచి నీళ్ళు కిందిమడిలోకి దిగుతాయి. ఈ జంటకూ మధ్యలో అలాంటి గండి ఒకటుంది. మామూలు చుక్క తన హద్దు నిండా ఉబ్బి ఉంటుంది గనుక, దాని వాయువు ఆ గండిలోంచి శ్వేత కుబ్జం వైపు జారుతుంది. సూటిగా పోయి పడదు. ఇద్దరూ తిరుగుతున్నారు కాబట్టి, కళ్లంలో ఎడ్లు తిరిగినట్టు చుట్టూ తిరుగుతూ పళ్ళెంలా పరుచుకుంటుంది. గెడ్డ నీరు సుడిగుండంలో పడ్డచోట నురగ లేచినట్టు, ధార వచ్చి పళ్ళెం అంచుకు తగిలేచోట మండిపోతూ ఒక వేడి మచ్చ ఏర్పడుతుంది.

వెలుగు మార్పులన్నీ ఇక్కణ్ణుంచే. పళ్ళెంలో సరుకు పోగుపడి పోగుపడి, ఒక హద్దు దాటగానే వేడెక్కి లోపలికి గబగబా జారుతుంది. చుక్క ఒకటి రెండు రోజుల్లో వంద రెట్ల దాకా వెలిగి, వారం పది రోజుల్లో మళ్ళీ అణిగిపోతుంది. 1855 డిసెంబరులో లండనులో హైండ్ కనిపెట్టిన యూ జెమినోరం ఈ రకానిది. సగటున వంద రోజులకొకసారి లేస్తుంది గానీ కచ్చితంగా ఏ రోజు లేస్తుందో చెప్పలేం. ఇంకో రకం ఉంది. శ్వేత కుబ్జం ఒంటిమీద పేరుకున్న హైడ్రోజను ఒకనాటికి బాంబులా అంటుకుంటుంది. అది నోవా.

ఇందులో గ్రహణం ఎందుకంత విలువైనది? ఈ జంటలు ఎంత పెద్ద దూరదర్శినిలో చూసినా ఒకే చుక్క. విడదీసి చూడలేం. కానీ సాయంత్రం మా గాలికొండ నీడ లోయ మీదికి పాకేటప్పుడు దూరం నుంచి చూడండి. ఒక్కొక్క రేకుల ఇల్లూ తళుక్కుమనడం ఆగిపోతుంది. ఏది ఎప్పుడు ఆరిందో గడియారం పెట్టి రాసుకుంటే, ఊరు చూడకుండానే ఏ ఇల్లు ఎక్కడుందో గీసెయ్యొచ్చు. అలాగే జంటచుక్క నీడ పళ్ళెం మీదుగా పోతుంటే వెలుగు మెట్లుమెట్లుగా కోసుకుపోతుంది. యూ జెమినోరంకు 4 గంటల 14 నిమిషాలకొక గ్రహణం ఉన్నట్టు 1965లో తేలింది. అక్కడ మూతపడేది శ్వేత కుబ్జం కాదు, ఆ వేడి మచ్చ. 1971లో వార్నర్, నేథర్ ఒకవైపు, స్మాక్ మరోవైపు ఆ సంగతి చెప్పారు. అంతకుముందే, 1954లో, వాకర్ అనే ఆయన 1934లో పేలిన హెర్క్యులిస్ నోవా 4 గంటల 39 నిమిషాలకొకసారి గ్రహణం పడుతున్నట్టు చూశాడు. నోవాలంటే ఒంటరి చుక్కల పిచ్చి కాదు, కాపురాల్లో పుట్టే గొడవలే అని అనుమానం బలపడింది అక్కడే.

ఇదంతా తెల్లవాళ్ళ కథలా ఉందనుకునేరు. లైబ్రరీలో తవ్వితే మద్రాసు తగిలింది. 1863 మే 20న మద్రాసు అబ్జర్వేటరీలో నార్మన్ పోగ్సన్ వృశ్చికంలో అంతకుముందు లేని చుక్క ఒకటి చూశాడు. రోజుల్లో మాయమైపోయింది. దాని పేరు యూ స్కార్పై. అప్పుడు మా కొండలూ మద్రాసు ప్రెసిడెన్సీలోవే, కాబట్టి ఇది మా ఇంటి చుక్క అని నా వాదన. (ఒప్పుకోకపోయినా ఫర్వాలేదు.) ఈ పోగ్సన్ గారే చుక్కల వెలుగుకు మెట్ల కొలత ఖాయం చేసింది. 1856లో ఆయన చెప్పింది: మెట్టుకు రెండున్నర రెట్లు, ఐదు మెట్లకు సరిగ్గా వంద రెట్లు. మెట్టు సంఖ్య పెరిగితే వెలుగు తగ్గినట్టు. 1868 ఆగస్టు 18 సూర్యగ్రహణానికి ఆయన మచిలీపట్నం వచ్చాడు. ఆయన కింద పనిచేసిన చింతామణి రఘునాథాచారి వనపర్తి వెళ్ళాడు. రఘునాథాచారి కూడా 1867లో ఆర్ రెటిక్యులై అనే వెలుగు మారే చుక్కను కనిపెట్టినవాడే. ఇక విశాఖపట్నంలో గోడే వెంకట జగ్గారావు గారు సొంత ఇంట్లో అబ్జర్వేటరీ పెట్టుకున్నది అంతకు ఇరవయ్యేళ్ళకు ముందే. మనం బీచికి వెళ్ళి బఠాణీలు తినే ఊళ్ళో అంత పని జరిగిందని నాకు ఏ క్లాసులోనూ ఎవరూ చెప్పలేదు.

యూ స్కార్పై మళ్ళీ మళ్ళీ పేలే రకం. 1979, 1987, 1999లో పేలింది. 2010 జనవరి 28న పేలినప్పుడు మొదట చూసింది ఫ్లోరిడాలోని అభిరుచి పరిశీలకులు. ఆ సమయానికి లేస్తుందని షేఫర్ ముందే చెప్పి ఉన్నాడు. 2022 జూన్‌లో జపానులో చూశారు. ఇదీ గ్రహణాల జంటే, సుమారు ఇరవైతొమ్మిదిన్నర గంటలకొకసారి. ఇందులోని శ్వేత కుబ్జం బరువు 1.4 సూర్యుల హద్దుకు అంచున ఉందని లెక్కకట్టారు. ఆ హద్దు ఎవరు వేశారో తెలుసుగదా! మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో డిగ్రీ ముగించుకుని 1930లో ఓడెక్కిన పందొమ్మిదేళ్ళ చంద్రశేఖర్. చుక్క దొరికిందీ మద్రాసులోనే, దాని హద్దు లెక్క మొదలైందీ మద్రాసు కుర్రాడి బుర్రలోనే, మధ్యలో 67 ఏళ్ళు. ఒకరి సంగతి ఒకరికి తెలియదు.

మరి ఇవన్నీ మా కళ్లం నుంచి కనిపిస్తాయా? కనిపించవు. యూ స్కార్పై మామూలు రోజుల్లో 18వ మెట్టు దగ్గర. ఉత్త కంటికి ఆరో మెట్టు దాటదు. అందుకని గుడ్రిక్ చుక్కే గతి. అల్గాల్ మామూలుగా 2.1, గ్రహణం నడుమ 3.4. రెండు రోజుల 20 గంటల 49 నిమిషాలకొకసారి. ఐదు గంటలు తగ్గడం, ఐదు గంటలు పెరగడం. దూరదర్శిని అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు. అంతేకాదు, అక్కడా ఒక చుక్క నుంచి రెండోదానికి వాయువు జారుతూనే ఉంది. శ్వేత కుబ్జం లేని ఉత్పాతం అనుకోండి.

పోయిన డిసెంబరులో పరీక్షలు కాగానే ఇంటికి వెళ్ళాను. వెళ్ళేముందు లెక్చరరు గారు కంప్యూటరులోంచి గ్రహణ సమయాల పట్టిక తీసి ఇచ్చారు. చుట్టుపక్కల చుక్కల మెట్లు రాసుకున్నాను: ఆల్మాక్ 2.1, త్రికోణంలో ఒకటి 3.0, ఇంకొకటి 3.4. అల్గాల్ పక్కనే ఉన్న రో అనే చుక్కతో పోల్చవద్దన్నారు, అదీ వెలుగు మార్చుకునేదేనట. దొంగను పట్టుకోవడానికి ఇంకో దొంగను సాక్షి పెట్టుకున్నట్టు అవుతుంది.

ఆదివారం రాత్రి పట్టిక ప్రకారం 9:40కి నడుమ. ఏడింటి నుంచీ కూర్చున్నాను. మా చెల్లి తొమ్మిదో తరగతి, దాని కళ్ళు నాకంటే మేలు. ఇద్దరం చూశాం. అల్గాల్ ఆల్మాక్‌తో సమానంగా, నిండుగా, దర్జాగా ఉంది. పదయింది, పదిన్నరయింది. చెల్లి ఆవలించి "అన్నియ్యా, మీ సార్ చుక్క మర్చిపోనాదేమో" అని లేచిపోయింది. మా నాన్న అటు వచ్చి, "ఏటిరా, పైన గొర్రెలేమైనా తప్పిపోనాయా, అలగ లెక్కెడతన్నావు?" అన్నాడు. బుధవారం 6:29కి. చీకటి పడుతూనే చూశాను. ఏడింటిదాకా ఏమీ లేదు. పట్టికే తప్పనుకున్నాను. ఇరవై ఏళ్ళ వాడికి అంతకంటే తేలికైన ఆలోచన రాదు.

ఆ బుధవారం గురించే చెప్పాలి. అమ్మానాన్నా పొద్దుటి నుంచీ పళ్ళు కోసి, గుజ్జు తీసి, ఒళ్ళు హూనమై ఉన్నారు. "సముద్రంలో ఏదో లేసిందంట. మబ్బొస్తే కేకెయ్, అందరం లెగిసి ఎత్తేద్దాం" అని నాన్న పడుకున్నాడు. కళ్లంలో నాలుగు టార్పాలిన్ల నిండా పార్చిమెంటు, ఎనిమిది రోజుల ఎండ తిన్నది. ఇంకో రెండ్రోజులైతే అమ్మకానికి పోయేదే. నా మెస్సు బకాయి, పరీక్ష ఫీజు అందులోనే ఉన్నాయి.

పదిన్నరకు చలికి మెలకువ వచ్చి ఊరికే పైకి చూశాను. అల్గాల్ లేదు! అంటే, ఉంది గానీ అది అల్గాల్‌లా లేదు. ఆల్మాక్ ఎప్పట్లాగే ఉంది. త్రికోణంలో 3.0 చుక్కతో దాదాపు సమానంగా దిగిపోయి ఉంది అల్గాల్. నాకు కాళ్ళు వణికాయి. చలి వల్ల కాదు. టార్చి వేసి పట్టిక చూశాను. పైన చిన్న అక్షరాల్లో ఉంది: గ్రీన్‌విచ్ సమయం. ఐదున్నర గంటలు కలపాలి! ఆదివారం నడుమ 9:40 కాదు, తెల్లవారుజామున 3:10. నేను గుర్రుపెట్టి నిద్రపోతున్న వేళ. ఇవాళ్టిది 6:29 కాదు, 11:59. మన దేశపు గడియారానికి ఆధారమైన 82.5 డిగ్రీల రేఖ మా కొండలకు కూతవేటులోంచి పోతుంది. దాని పక్కన పుట్టి, ఆ ఐదున్నర గంటలే మరిచిపోయినవాణ్ణి నేను.

ఇక ఒళ్ళు తెలియలేదు. 10:40కి 2.9 అని రాశాను. 10:55కి 3.0. 11:10కి 3.2. ఏ పుస్తకంలోదో కాదు, నా కంటితో, నా పెన్సిలుతో. అక్కడెక్కడో ఒక చుక్క ఇంకో చుక్కను మూస్తున్నది, నేను ఒక్కణ్ణి దానికి లెక్క రాస్తున్నాను. 11:30కి ఇంకా మసకబారింది, 3.7 అని రాశాను. 11:40కి మరీ సన్నగా, దాదాపు పోతున్నట్టుగా ఉంది. 4 అని రాశాను. సంతోషంతో గొంతు పట్టుకుపోయింది.

చినుకు నోటుబుక్కు మీద పడింది.

తల తిప్పి చూస్తే ఆల్మాక్ లేదు, త్రికోణం లేదు, పిల్లలకోడి లేదు. తూర్పునుంచి వచ్చిన మబ్బు ఆకాశం సగం తినేసింది. నేను చూస్తున్నది ఒక్క చుక్కనే గనుక, మబ్బు పలచగా దానిమీదికి పాకితే అదీ గ్రహణమే అనుకున్నాను. కేక వేశాను. నాన్న, అమ్మ, చెల్లి పరిగెత్తుకొచ్చారు. రెండు టార్పాలిన్లు ముడిచి ఇంట్లో వేసేసరికి వాన దంచింది. మిగతా రెండూ తడిసిపోయాయి. గింజలు నీళ్ళలో తేలి కళ్లం వాలుకు జారుతుంటే చెల్లి అడ్డంగా కూర్చుని చేతులతో ఆపింది.

అమ్మ తిట్టింది. ఆ తిట్లు ఇక్కడ రాయను, సంచిక పరువు పోతుంది. నాన్న ఒక్క మాటా అనలేదు. పొయ్యి దగ్గర కూర్చుని తడిసిన గింజల్ని ఒక పిడికెడు తీసుకుని, వేలితో అటూ ఇటూ తిప్పి, మళ్ళీ కుప్పలో వేశాడు. అమ్మ తిట్లే నయం. వాన రెండ్రోజులు వదల్లేదు. ఆ సగం కాఫీ బూజు మచ్చలతో ఆరింది, మంచి గింజకు వచ్చే ధరలో చాలా తక్కువకు పోయింది. నా ఫీజుకు సంక్రాంతికని ఉంచిన మేకపోతును నాన్న సంతకు తోలుకుపోయాడు. నేనూ వెంట వెళ్ళాను. తాడు నా చేతిలోనే ఉంది.

శనివారం రాత్రి 8:48 గ్రహణం మబ్బులోనే గడిచిపోయింది. తర్వాతవి మూడు రోజులకు మూడేసి గంటలు ముందుకు జరుగుతూ పగటిలోకి జారిపోయాయి. నోటుబుక్కు తెరవబుద్ధి కాలేదు. సిగ్నల్ అందే బండ ఎక్కి లెక్చరరు గారికి ఆ రాత్రి అంకెలు మాత్రం పంపాను. కాఫీ సంగతి చెప్పలేదు. ఆయన జవాబు ఒకే వాక్యం: "అల్గాల్ 3.4 కంటే దిగదు గదా, 3.7, 4 ఎక్కణ్ణుంచి వచ్చాయి?" మొహం ఎర్రబడింది. రబ్బరుతో చెరిపేద్దామా అనిపించింది. చెరిపితే మిగతా మూడూ అందంగా గీతమీద కూర్చుంటాయి, ఎవరికీ తెలియదు. కానీ ఆ రెండు అంకెలకు మేకపోతు ధర కట్టాం మేము. చెరపలేదు. పక్కన "మబ్బు, పోలిక చుక్కలు చూడలేదు" అని రాసి, ఒక గీత కొట్టి, పైకి కనిపించేలా ఉంచాను. ఆ రాత్రి జరిగిందంతా ఆయనకు అప్పుడు చెప్పాను.

మళ్ళీ చేతికందే వేళకు గ్రహణం రావడానికి ఇరవై రోజులు పట్టింది. సంక్రాంతికి ముందు శుక్రవారం, రాత్రి 10:30. ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంది. కళ్లంలో ఆఖరి కోత కాఫీ. నేను అమ్మ వైపు చూడకుండా గొంగడి తీసుకుని బయల్దేరాను. కాసేపటికి నాన్న కూడా వచ్చి పక్కన కూర్చున్నాడు, చుట్ట వెలిగించకుండా. వెలుగు పడితే కళ్ళు పాడవుతాయని ఆయనకు చెల్లి చెప్పిందట.

ఏడింటికి ఆల్మాక్, అల్గాల్ చూపించాను. రెండూ ఒకలాగే ఉన్నాయన్నాడు. ఎనిమిదిన్నరకు అడిగితే, "ఇది కొంచెం తగ్గినట్టున్నాది" అన్నాడు. అంకెలు నేనేమీ చెప్పలేదు. చెల్లి అంచనా, నాన్న మాట, నా అంచనా మూడు వరసల్లో రాశాను. ప్రతి పావుగంటకూ ముందు ఆల్మాక్, తర్వాత త్రికోణం, ఆ తర్వాతే అల్గాల్. ప్రతిసారీ తూర్పు దిక్కు కూడా. అది పుస్తకంలో లేదు, నేను కలుపుకున్నది. పదింబావుకు చెల్లి 3.3 అంది, నేను 3.4 అన్నాను. నాన్న, "మన మేకపోతుని తినేసినోడు ఈడేనా?" అని అడిగి, నవ్వాడు. ఇరవై రోజుల తర్వాత ఆ నవ్వు వినడం అదే మొదలు.

ఒకరినొకరు మూసుకోవడం, ఒకరిది ఒకరికి జారడం ఆయనకు గట్టు, గండి పెట్టి చెప్పాను. వెంటనే అర్థమైపోయింది. మా క్లాసులో సగంమందికి అర్థం కానిది. "పైమడోడికి చివరికేటి మిగులుద్ది మరి?" అన్నాడు. అల్గాల్‌లో ఇప్పుడు తేలికగా ఉన్నదే ఒకప్పుడు బరువైనదట, సొంత సరుకు ఇచ్చి ఇచ్చి అలా అయిందట అన్నాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. గింజల మీద చెయ్యి వేసి తడి చూశాడు.

పదకొండున్నరకు చుక్క మళ్ళీ పుంజుకోవడం మొదలుపెట్టింది. 3.2, 3.0. చెల్లి గోనెసంచుల మీదే నిద్రపోయింది.

"మళ్ళీ ఎప్పుడంట?" అన్నాడు నాన్న లేస్తూ.

"సోమవారం రాత్రి ఏడుంబావుకి, నాన్నా. ఐదున్నర గంటలు కలిపే చెబుతున్నా."

"అయితే సోమారం ఆరింటికే టార్పాలిన్లు ఎత్తేద్దాం" అని ఇంట్లోకి వెళ్ళిపోయాడు.